ప్రాణ స్నేహితురాలి పుట్టినరోజు డిన్నర్... నా వంతు 3,500 కట్టలేను, ఆ మాట చెప్పలేను

కూకట్‌పల్లిలోని ఒక లేడీస్ హాస్టల్ నుంచి పాతికేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. సొంతూరు తణుకు దగ్గర. చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, జీతం 26,000. అందులో హాస్టల్‌కి 8,000, ఇంటికి 10,000 పోతాయి. ఇంటర్లో ఒకే గదిలో ఉన్న ఐదుగురు స్నేహితురాళ్లూ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నారు. మిగతా నలుగురివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఎవరి పుట్టినరోజు వచ్చినా ఏదో ఒక పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లడం, పుట్టినరోజు అమ్మాయిని వదిలేసి మిగతా నలుగురూ బిల్లు సమానంగా పంచుకోవడం వీళ్ల అలవాటు.

ఈసారి పుట్టినరోజు ఆ నలుగురిలో తనకు అందరికంటే దగ్గరైన అమ్మాయిది. రెండేళ్ల క్రితం నాన్నగారి ఆపరేషన్‌కి అడగ్గానే 50,000 పంపింది ఈ అమ్మాయే. ఆస్పత్రికి కూడా వచ్చి అమ్మగారి పక్కన కూర్చుంది. ఆ సంగతి ఈ ఇద్దరికి తప్ప గ్రూపులో ఎవరికీ తెలియదు. నెలకు 2,000 చొప్పున 32,000 తీరింది, ఇంకా 18,000 ఉంది. కొన్ని నెలల్లో వాయిదా ఆగింది. ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు వచ్చే శనివారం రాత్రికి, టేబుల్ మీదే నిప్పుల పొయ్యి పెట్టి కాల్చి వడ్డించే ఒక బఫే రెస్టారెంట్ అనుకున్నారు. పుట్టినరోజు అమ్మాయికి తెలియకుండా సర్‌ప్రైజ్. తిండి, డ్రింక్స్, కేకు, బెలూన్ల డెకరేషన్ అన్నీ కలిపి మనిషికి 3,500. గిఫ్టుకి ఇంకో 1,000. శుక్రవారంలోగా అడ్వాన్సు పంపమని గ్రూపులో మెసేజ్ వచ్చింది. "కార్తీక మాసం, నేను నాన్‌వెజ్ తినను, డ్రింక్స్ అసలే ముట్టను. నెలాఖరుకి నా దగ్గర వెయ్యి మిగిలితే గొప్ప. వెళ్లకపోతే ఆమె పుట్టినరోజుకి నేను లేకుండా పోతాను. వెళ్తే ఈ నెల వాయిదా ఆపాలి. డబ్బుల్లేవని చెబితే అప్పు ఎగ్గొట్టడానికి సాకులు చెబుతున్నానని ఆమె అనుకుంటుందేమో. ఊళ్లో ఫంక్షన్ ఉందని చెప్పి తప్పించుకుందామా అనిపిస్తోంది. ఫోన్‌లో లోన్ యాప్ కూడా చూశాను" అని రాశారు. పిసినారినని అనుకుంటారేమో అన్న భయం ఉత్తరంలో మళ్లీ మళ్లీ కనిపించింది.

సమాధానం:

ముందుగా ఆ పిసినారి అన్న మాట పక్కన పెట్టండి. 26,000 జీతంలో 10,000 ఇంటికి పంపి, ఇంకో 2,000 అప్పుకి కడుతున్న మనిషికి ఆ మాట అతకదు. మిమ్మల్ని అలా ఎవరైనా అన్నారని ఉత్తరంలో ఎక్కడా లేదు. అది మీకు మీరే వేసుకుంటున్న నింద.

మీరు రాసిన దాంట్లో నన్ను బాగా ఆపింది ఒక్క వాక్యం: "వెళ్తే ఈ నెల వాయిదా ఆపాలి." ఆ వాయిదా ఎవరిది? ఆ అమ్మాయిదే. అంటే ఆమెకు అందాల్సిన 2,000 ఆమెకు అందకుండా, ఆమె పేరు మీదే రెస్టారెంట్‌కి వెళ్తోంది. అందులో కొంత భాగంతో మిగతా వాళ్ల డ్రింక్స్ కూడా వస్తాయి. ఈ సంగతి తెలిస్తే ఆమె ఆ పార్టీని కోరుకుంటుందా? ఆస్పత్రిలో మీ అమ్మగారి పక్కన కూర్చున్న మనిషి కోరుకోదనే నా నమ్మకం. సర్‌ప్రైజ్ కాబట్టి ఇప్పుడు ఆమెనే అడిగే వీల్లేదు. అందుకే ఆమె తరఫున కూడా మీరే ఆలోచించాల్సి వస్తోంది.

ఇక్కడ రెండు లెక్కలు కలిసిపోయాయి. అప్పు మీ ఇద్దరి మధ్య సంగతి. బిల్లు ఐదుగురి మధ్య సంగతి. బిల్లు గురించి నోరు తెరిస్తే అప్పు బయటపడుతుందన్న టెన్షన్‌తో మీరు రెండింటి గురించీ ఊరుకుంటున్నారు. కానీ "నాకింతే వీలవుతుంది" అని చెప్పడానికి అప్పు ఊసు ఎత్తనక్కర్లేదు. ఎత్తకండి కూడా. రెండేళ్లుగా ఆ అమ్మాయి ఆ సంగతి గుట్టుగా ఉంచింది. మీరు గ్రూపులో చెప్పేస్తే అప్పు ఇచ్చిన మనిషిగా ఆమె ఇబ్బంది పడుతుంది, అదీ పుట్టినరోజు ముందు.

మీ గ్రూపు అలవాటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో పుట్టినరోజంటే తలంటు, కొత్త బట్టలు, గుడికి వెళ్లి రావడం, ఇంట్లో పాయసం. బళ్లో చాక్లెట్లు పంచేది పుట్టినరోజు పిల్లే. ఆఫీసుల్లో ఇప్పటికీ "పార్టీ ఎప్పుడు?" అని అడిగేది పుట్టినరోజు మనిషినే. ఆ పద్ధతిలో పెట్టేవాళ్లు తమ స్తోమత చూసుకుని పెడతారు. ఒకరు బిర్యానీ పెట్టిస్తారు, ఒకరు సమోసా, టీతో సరిపెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు. మీ గ్రూపులో ఉన్నది స్నేహితులే కలిసి పెట్టే పద్ధతి. ఇది ప్రేమతో వచ్చిందే, తప్పు పట్టను. కాకపోతే ఇందులో చోటు ఎంచేది ఎక్కువ జీతం ఉన్నవాళ్లు, దానికి తగ్గట్టు కట్టాల్సింది తక్కువ జీతం ఉన్నవాళ్లు కూడా. "ఏడాదికొక్కసారేగా" అని గ్రూపులో ఒకమ్మాయి అందట. పుట్టినరోజు జరుపుకునే మనిషికి అది ఏడాదికొక్కసారే. మీకు మాత్రం ఏడాదికి నాలుగుసార్లు. ఒక్కోసారి 3,500 చొప్పున వేసుకుంటే 14,000, గిఫ్టులు కలిపితే 18,000. మీరు తీర్చాల్సిన అప్పు సరిగ్గా అంతే. ఇంతకాలం మీరు పైకి అనలేదు కాబట్టి వాళ్లకు ఈ లెక్క తట్టి ఉండదు. వాళ్లు రాతి గుండె మనుషులని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించలేదు.

పోయినసారి బిల్లు వివరాలు మీరు రాయడం మంచిదైంది. మొత్తం 13,200. అందులో తిండి 7,600, డ్రింక్స్ 4,000, సర్వీస్ చార్జి 1,160, మిగిలింది జీఎస్టీ. నలుగురికి పంచితే తలా 3,300. మీరు తిన్నది రెండు పనీర్ ముక్కలు, ఒక బటర్ నాన్, కాస్త పెరుగన్నం. ఈ బిల్లులో మూడు చోట్ల మాట్లాడే వీలుంది.

డ్రింక్స్ సంగతి సులువు. మద్యం జీఎస్టీ కిందికి రాదు, మామూలు రెస్టారెంట్లలో తిండి మీద పడే 5 శాతం దాని మీద పడదు. కాబట్టి బిల్లులో దాన్ని విడిగా చూపించడం వాళ్లకు కొత్త కాదు. కూర్చున్నప్పుడే "డ్రింక్స్‌కి వేరే బిల్లు ఇవ్వండి" అంటే చాలు. తాగినవాళ్లు ఆ బిల్లు పంచుకుంటారు. అంతా తినేశాక, అందరూ ఫోన్లు తీసి స్కాన్ చేస్తున్నప్పుడు ఈ మాట అంటే తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు అంటే ఎవరికీ పట్టదు.

సర్వీస్ చార్జి గురించి మీరు అడగబోతే "చీప్‌గా ఉంటుంది, వదిలెయ్" అని ఒకమ్మాయి అందని రాశారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. హోటళ్లు సర్వీస్ చార్జిని దానంతటదే బిల్లులో కలపకూడదని, ఇవ్వాలా వద్దా అన్నది తిన్నవాళ్ల ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకున్నాడనిపిస్తే ఓ వంద రూపాయలు అతని చేతికే ఇవ్వండి.

మూడోది మీ ప్లేటు. బఫేల్లో చాలా చోట్ల వెజ్ ధర వేరు, నాన్‌వెజ్ కంటే తక్కువ. బుక్ చేసేటప్పుడు ఎంతమంది వెజ్ అని అడుగుతారు. మీవాళ్లు ఐదుగురికీ నాన్‌వెజ్ అని రాసేస్తే ఆ తేడా మీకు దక్కదు. ఇంకో చిన్న సంగతి. ఇలాంటి చోట టేబుల్ మధ్యలో ఒకే పొయ్యి పెట్టి, పనీర్, పైనాపిల్ ఊచల పక్కనే చికెన్, రొయ్యల ఊచలు కూడా గుచ్చేస్తుంటారు. నూనె రాసే బ్రష్షు కూడా ఒకటే అవుతుంది. కార్తీక మాసం పట్టింపు ఉన్న మీకు అక్కడ ముద్ద దిగదు. వెజ్‌కి వేరే పొయ్యి పెట్టమని ముందే చెప్పించుకోవాలి.

ఇక మీ ముందున్న దారులు.

ఏమీ అనకుండా 3,500 కట్టి వెళ్లడం ఒకటి. ఆ రాత్రి ఆమె ముఖంలో సంతోషం చూస్తారు, ఫొటోల్లో ఉంటారు. అది చిన్న విషయం కాదు. కానీ వాయిదా ఆగుతుంది. తర్వాతి పుట్టినరోజుకి మళ్లీ ఇదే రాత్రి, ఇదే టెన్షన్. లోన్ యాప్ మాత్రం వద్దు. చాలా వాటిలో ప్రాసెసింగ్ ఫీజని ముందే కొంత కోసుకుని ఇస్తారు, వడ్డీ మొత్తం మీద వేస్తారు, కొన్నిట్లో గడువు రోజుల్లోనే ఉంటుంది. ఒక్క పూట భోజనం కోసం అందులో కాలు పెట్టకండి.

ఊళ్లో ఫంక్షన్ ఉందని చెప్పడం రెండోది. ఇప్పటికి గండం గడుస్తుంది. కానీ ఆ అమ్మాయి మీ అమ్మగారికి ఫోన్ చేసి మాట్లాడేంత దగ్గర. పుట్టినరోజు నాడు మీరు కనపడకపోతే ఆమె మొదట చేసే పని అదే కావచ్చు. అమ్మ నోట నిజం వస్తుంది, లేదా మీ కోసం అమ్మ కూడా అబద్ధం ఆడాలి. డబ్బు లేదని తెలిస్తే ఆమె అర్థం చేసుకుంటుంది. కావాలని రాలేదని తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటుంది.

మూడోది, ఏర్పాట్లు చూస్తున్న అమ్మాయికి విడిగా ఫోన్ చేయడం. నాకు సరైనదనిపిస్తున్న దారి ఇదే, కాకపోతే ఇందులోనూ కష్టం ఉంది. గ్రూపులో మెసేజ్ పెట్టకండి. అందరి ముందూ మాట పెడితే తను ప్లాన్‌ని సమర్థించుకునే పనిలో పడుతుంది. మీ 2,000 వాయిదా ముందే పంపేసి, మిగిలింది చూసుకుని ఫోన్ చేయండి. ఇలా అనొచ్చు: "ప్లాన్ బాగుందే, నేను తప్పకుండా వస్తాను. కానీ ఈ నెల నాకు వెయ్యికి మించి కుదరదు. నాది వెజ్ రాయించు, డ్రింక్స్ బిల్లు వేరే పెట్టుకుందాం, గిఫ్టు నేను వేరేగా ఇస్తాను. వీలుంటే రాత్రికి బదులు మధ్యాహ్నం పెట్టుకుందామా? ధర తగ్గుతుంది, నాకు హాస్టల్ గేటు గొడవ కూడా ఉండదు." ఇంతే. సంజాయిషీ వద్దు, ఇంటి ఖర్చుల జాబితా చదవొద్దు, పదిసార్లు సారీ చెప్పొద్దు. కుదరదన్న మాట ఒకటుంటే దాని పక్కన కుదిరేవి రెండు మూడు ఉండాలి, అప్పుడు అవతలివాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఏర్పాట్లు చూస్తున్న ఆ అమ్మాయి ఏమనొచ్చు? "అయ్యో, ముందే చెప్పొచ్చుగా" అనొచ్చు. "నీది నేను కడతాలే" అనొచ్చు. ఇది వినడానికి బాగుంటుంది కానీ తొందరపడి సరే అనకండి. మీకు ఇప్పటికే ఒకరి దగ్గర అప్పుంది, ఇంకొకరి దగ్గర మొహమాటం మొదలవుతుంది. "వద్దు, నా వెయ్యి నేనిస్తా, ప్లాన్ కాస్త తగ్గిద్దాం" అని మళ్లీ అదే మాటకు రండి. బెలూన్ల డెకరేషన్ మానేస్తే ఎవరికీ లోటు రాదు. కేకు బయటి నుంచి తీసుకెళ్తే తగ్గుతుందేమో కనుక్కోమనండి, కొన్ని రెస్టారెంట్లు ఒప్పుకుంటాయి, కొన్ని దానికీ డబ్బు అడుగుతాయి. యాప్‌లో టేబుల్ బుక్ చేసుకుని బిల్లు కూడా అందులోనే కడితే తగ్గింపు ఇచ్చే చోట్లు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. ఆ తగ్గింపు ఒక్కోసారి బఫేకి వర్తించదు, అదీ ముందే చూడాలి.

ఆమె చిరాకు పడొచ్చు కూడా. "ఇప్పుడా చెప్పేది, అంతా ఫిక్స్ అయిపోయింది" అనొచ్చు. అది నిజంగానే జరిగితే నాలుగో దారి ఉంది. భోజనానికి వెళ్లకుండా, శనివారం సాయంత్రం వాళ్లు బయల్దేరే ముందు కేకు కోసే చోటికి వెళ్లి కలిసి రావడం. కేకు కూడా రెస్టారెంట్లోనే అయితే, భోజనాలు అయ్యాక ఐస్‌క్రీమ్ దగ్గర కలవడం. దీనివల్ల కొంత వెలితి మిగులుతుంది, కాదనను. పార్టీ కబుర్లు మరో నెల నడుస్తాయి, అందులో మీరు ఉండరు. కానీ మీరు వచ్చారు, కనిపించారు, పుట్టినరోజు అమ్మాయిని హత్తుకున్నారు. ఫంక్షన్ అని అబద్ధమాడి తణుకు బస్సెక్కడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

వీటిలో ఏ దారి పట్టినా ఆమెకూ మీకూ మాత్రమే చెందిన ఒక పూట విడిగా పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఆమెను భోజనానికి తీసుకెళ్లండి. మీ కూకట్‌పల్లి వైపే కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ ఉంది. అరిటాకు వేసి, పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, పొడి, నెయ్యి అన్నీ వరుసగా వడ్డిస్తారు. కార్తీక మాసంలో మీకు పట్టింపు రాని చోటు, గోదావరి పిల్లలిద్దరికీ ఇంటి తిండి గుర్తొచ్చే చోటు. ఇద్దరి భోజనం కలిపినా గిఫ్టుకి అడిగిన 1,000 దాటకపోవచ్చు. వెయ్యి ఉన్నది ఒకటే కాబట్టి శనివారం బఫేకి ఇచ్చేస్తే ఈ భోజనం వచ్చే జీతం పడ్డాక పెట్టుకోండి. ఆమెకు బెల్లం పూతరేకులు ఇష్టమని రాశారు. ఆత్రేయపురం మీ ఊరికి ఎంతో దూరం కాదు. అమ్మగారిని ఒక పెట్టె బస్సు పార్సిల్లో పంపమనండి. నలుగురూ కలిసి కొనే గిఫ్టులో మీ పేరు నాలుగోది. ఈ పెట్టె మీ అమ్మ పంపిందని ఆమెకు తెలుస్తుంది.

అప్పు సంగతి ఆమెతో మాట్లాడాలా అని అడిగారు. మాట్లాడాలి, కానీ పుట్టినరోజు అయ్యాక. కొన్ని నెలల్లో వాయిదా ఎందుకు ఆగిందో ఆమెకు తెలియదు. ఆమె అడగలేదు కాబట్టి ఏమీ అనుకోలేదని మీరు ధైర్యం తెచ్చుకుంటున్నారు, మళ్లీ రాత్రి పూట అదే తలచుకుని భయపడుతున్నారు. "పుట్టినరోజులు వచ్చిన నెలల్లో కట్టలేకపోయాను, ఇకమీద అలా ఆపను" అని ఒక్కసారి చెబితే ఆ భయం తగ్గుతుంది. దీనికి సిద్ధపడే ముందు ఒకటి ఆలోచించుకోండి. ఆమె "మిగిలింది వదిలెయ్, ఇవ్వొద్దు" అనే అవకాశం ఉంది. ఒప్పుకుంటే మీకు నెలకు 2,000 మిగులుతాయి. ఆ తర్వాత ఆమె ముందు మీరు ఏ విషయంలోనైనా కాదని అనగలరా అన్నది మీరే చూసుకోవాలి. కొందరికి అది ఇబ్బందే కాదు. మీ ఉత్తరం చూస్తే మీకు ఇబ్బందే అనిపిస్తోంది. అలాగైతే వాయిదా తగ్గించమని అడగండి. నెలకు 2,000 అయితే 9 నెలల్లో తీరుతుంది, 1,500 అయితే ఏడాదిలో. ఏదైనా సరే, తేదీ తప్పకుండా పడితే మీ ఇద్దరికీ మనశ్శాంతి.

చివరగా, మీ పుట్టినరోజు ఫిబ్రవరిలో అని రాశారు. ఆ నలుగురూ మీ కోసం ఇలాగే ఒక పెద్ద రెస్టారెంట్ చూస్తారు. మీరు పైసా కట్టనక్కర్లేదు, కానీ అక్కడ కూర్చుని ఆ బిల్లు చూస్తూ మీకు తిండి సహించదు. ఈసారికి పాత పద్ధతి తెండి. "నా పుట్టినరోజుకి పార్టీ నేనే ఇస్తా" అని జనవరిలోనే చెప్పేయండి. ఆదివారం పొద్దున్న ఐదుగురూ కలిసి పెసరట్టు ఉప్మా, ఫిల్టర్ కాఫీ. మీరు దాచుకున్న దాంట్లో, మీరు ఎంచిన చోట. మిగతావాళ్లలో ఇంకెవరికైనా ఈ 3,500 భారంగా ఉంటే, వాళ్లకు నోరు విప్పడానికి అక్కడ వీలు దొరుకుతుంది. అడ్వాన్సు శుక్రవారం అన్నారు కాబట్టి, ఆ ఫోన్ మాత్రం గురువారం దాటనివ్వకండి.